గద్దల సారు

పెన్ను పట్టుకున్నావా బుజ్జీ? ఆ ఫోను పక్కన పెట్టి కూర్చో. నేను చెప్పింది చెప్పినట్టు రాయి. గుడ్లవల్లేరు ఇంజనీరింగ్ కాలేజీలో నేర్చుకున్న తెలుగేదైనా ఉంటే అది నీ దగ్గరే ఉంచుకో.

గద్దల సారు పోయారు. పోతూ పోతూ తన తప్పుల పుస్తకంలో నా కోసం రెండు లైన్లు ఖాళీగా వదిలి వెళ్ళారు. అందులో ఏం రాయాలో నాకు తెలుసు. నాలుగేళ్ళుగా తెలుసు. బందరు మార్కెట్లో ముప్పై ఏళ్ళు ఎండుచేపలు అమ్మి, నోరు పెట్టుకుని బతికినదాన్ని, ఆ రెండు లైన్ల దగ్గర మాత్రం నాకు నోరు రాలేదు. ఇప్పుడు నింపుదాం. కానీ ముందు ఆ మనిషి ఎలాంటివారో చెప్పాలి. లేకపోతే రెండు లైన్లకి ఇంత గొడవేమిటని చదివినవాళ్ళు నవ్వుతారు.

బందరు నుంచి మంగినపూడి వెళ్ళే దారిలో, ఉప్పు నేలల మధ్య పాత రన్‌వే ఒకటి ఉండేది. ఎప్పుడో ఎవరో దేనికో వేశారు. విమానాలు రాలేదు, మేమొచ్చాం. మన ప్రాంతం సంగతి నీకు తెలుసుగా. చదునుగా, గట్టిగా, ఎండ తగిలే నేల కనిపిస్తే దాని మీద వడ్లు పోయనివాడు ఇక్కడ పుట్టలేదు. రోడ్డు సగం బస్సుది, సగం వడ్లది. ఆ రన్‌వే మీద రైతులు వడ్లు ఆరబోసేవాళ్ళు, మేం నెత్తళ్ళు, రొయ్యపొట్టు ఎండబెట్టేవాళ్ళం. మధ్యలో ఉన్న తెల్ల గీత మా సరిహద్దు. అటు వడ్లు, ఇటు చేపలు. దాని మీద ఎన్ని తగువులు జరిగాయో, ఆ గీత వేసినవాడికి తెలిస్తే చెరిపేసి వెళ్ళేవాడు.

తర్వాత ఎవరో వచ్చి కంచె కట్టి, గేటు పెట్టి, పిల్లలకి విమానం నడపడం నేర్పే స్కూలు తెరిచారు. రెండు సీట్ల చిన్న విమానాలు. ఆటోకి రెక్కలు కట్టినట్టుండేవి, చప్పుడు కూడా దాదాపు అంతే. ఆ స్కూల్లో మన సారుకి రెండు పనులు. విమానాన్ని నేల మీదకి దింపడం నేర్పడం ఒకటి, ఎవరికీ ఏ ప్రమాదం జరక్కుండా చూడటం రెండోది. రెండో పనికి సేఫ్టీ ఆఫీసరని పేరు. ఆ పేరు మా పల్లెలో ఎవరి నోటా నిలవలేదు. రన్‌వే మీద గద్ద వాలితే చాలు, డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి తెల్ల యూనిఫాంలో, గొడుగు ఊపుకుంటూ, విజిల్ ఊదుకుంటూ పరిగెత్తేవారు. అలా గద్దల సారు అయ్యారు. అసలు పేరు మొన్న ఆయన ఫోటో కింద చూసేదాకా నాకు అవసరం పడలేదు. చూసినా చదవలేను కాబట్టి ఇప్పటికీ తెలియదు.

మొదటిసారి ఆ పరుగు నా మీదకే పెట్టారు. కంచెకి కుక్కలు చేసుకున్న కన్నం ఒకటుండేది. అందులోంచి దూరి, ఎప్పటిలాగే చేపలు పరిచాను.

"ఏవండీ, మిమ్మల్నే. ఎవరిని అడిగి పరిచారు?"

"ఇన్నాళ్ళూ అడగడానికి ఇక్కడ ఎవరున్నారండీ?"

"ఇది రన్‌వే."

"తెలుసు. మీకంటే ముందునుంచీ తెలుసు. దీని మీద ఎక్కడెక్కడ గుంటలున్నాయో కూడా తెలుసు."

"ఎక్కడ?" అన్నారు వెంటనే, జేబులోంచి చిన్న పుస్తకం తీసి.

పోట్లాట మధ్యలో ఆపి గుంటల వివరం రాసుకున్న మనిషిని నేను అదే చూడటం. నాలుగు గుంటలూ చూపించాను. రాసుకున్నారు. ఆ తర్వాత పోట్లాట ఎక్కడ ఆగిందో ఇద్దరం మర్చిపోయాం. నన్ను షెడ్డులోకి తీసుకెళ్ళి ఒక విమానం రెక్క చూపించారు. దాని అంచున గరిటె పట్టేంత సొట్ట.

"ఇది ఎలా పడిందో చెప్పండి."

"లారీ గుద్దిందా?"

"గద్ద. కిలో కూడా ఉండదు. రెక్కకి తగిలింది కాబట్టి సొట్ట పడింది. అద్దానికి తగిలితే, దాని వెనకాల పద్దెనిమిదేళ్ళ పిల్లాడు కూర్చుంటాడు."

ఇంకేం చెప్పలేదు. ఇంకో మాట చెప్పి ఉంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. తిరిగొచ్చి చేపలు గంపలకెత్తాను. రెండు గంపలయ్యాయి. ఒకటి నేనెత్తుకున్నాను. రెండోది ఆయన ఎత్తుకున్నారు. భుజాల మీద బంగారు చారలు, నెత్తిన నెత్తళ్ళ గంప, చెవుల పక్కనుంచి ఉప్పునీళ్ళు. స్కూలు పిల్లలంతా వరసగా నిలబడి చూస్తున్నారు.

"నవ్వండ్రా, నవ్వండి. ఇది కూడా పాఠమే," అంటూ సరుగుడు తోట అవతలిదాకా మోసుకొచ్చారు. అప్పటినుంచి నా చేపలు అక్కడ ఇసకలో ఎండేవి. నేను మాత్రం స్కూలు గేటు పక్కన, టీ కొట్టు నీడలో తట్ట పెట్టుకుని అమ్ముకునేదాన్ని.

ఆయన నన్ను మూడు రకాలుగా పిలిచేవారు. మామూలుగా ఉంటే అక్కాయ్. ఏదైనా కావాలంటే అక్కగారూ. కోపమొస్తే ఏవండీ, మీరు, చెప్పండి. మనిషికి కోపమొస్తే మర్యాద పెరగడం ఆయన దగ్గరే చూశాను. మీ తాతకి కూడా నేర్పుదామని చూశాను గానీ ఆయనకి మామూలప్పుడే మర్యాద లేదు.

పొద్దున్నే ఆరింటికి రన్‌వే పక్కన గొడుగు పాతి, దాని కింద ప్లాస్టిక్ కుర్చీ వేసుకునేవారు. ఒక చేతిలో రేడియో, ఒక చేతిలో టీ గ్లాసు. పిల్లలు ఎక్కి, ఒక చుట్టు తిరిగి, వచ్చి చక్రాలు నేలకి తాకించి, ఆగకుండా మళ్ళీ లేచిపోయేవాళ్ళు. పొద్దంతా అదే పని. కోడిపెట్ట గోడెక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం.

"ఎన్నిసార్లు సారూ అదే నేల మీద?" అనేదాన్ని.

"ఎక్కడం ఎవడైనా ఎక్కుతాడు అక్కాయ్. దిగడానికే డబ్బు కట్టారు వీళ్ళు."

టీ కొట్టు బల్ల మీద అరచెయ్యి విమానంలా దింపి చూపించేవారు పిల్లలకి. "వస్తున్నావు, వస్తున్నావు, తొందరపడకు, నేల ఎక్కడికీ పోదు. కొంచెం ముక్కెత్తు. ఇంకొంచెం. ఇప్పుడు ఊరుకో. అదే కూర్చుంటుంది." ఆ చెయ్యి బల్లకి తాకినట్టు చప్పుడే ఉండేది కాదు. పిల్లలు చేస్తే గ్లాసులు దొర్లేవి.

ఒకసారి ఉండబట్టలేక అన్నాను. "ఇందులో ఏవుంది సారూ, గంప దించడమేగా. పైనుంచి నడుం దాకా ఎవరైనా దించుతారు. ఆఖరి జానెడు దగ్గరే ఉంది. అక్కడ వదిలేస్తే చేప చితికిపోద్ది. అక్కడ కూడా పట్టుకుని ఉండాలి, కానీ పట్టుకున్నట్టుండకూడదు."

ఆయన టీ తాగడం ఆపేశారు. మర్నాడు పొద్దున పదిమంది పిల్లల్ని నా ముందు నేల మీద కూర్చోబెట్టారు. నిండు గంప నా నెత్తికెత్తి, "దించండి అక్కగారూ," అన్నారు. దించాను. "చూశారా, మోకాళ్ళు ఎప్పుడు వంగాయో? మళ్ళీ దించండి." పదిసార్లు దించాను. ఆ రాత్రి నడుం పట్టేస్తే మాత్రం ఏ సేఫ్టీ ఆఫీసరూ వచ్చి అడగలేదు.

విమానం సరిగ్గా కూర్చోకపోతే కప్పలా గెంతుతుంది. గెంతినప్పుడల్లా కుర్చీలోంచి ఒక వేలు పైకెత్తేవారు. రెండో గెంతుకి రెండో వేలు. తిట్టేవారు కాదు, వేళ్ళు మాత్రం విమానం ఆగేదాకా దించేవారు కాదు. అవనిగడ్డ కుర్రాడొకడు నాలుగు వేళ్ళు ఎత్తించి, దిగొచ్చి, "ఒక్కసారే గెంతింది సార్," అన్నాడు. ఆ కుర్రాణ్ణి వారం రోజులు విమానం ఎక్కనివ్వలేదు. మేనేజరు వచ్చి, ఫీజు కట్టిన పిల్లాడండీ అని బతిమాలాడు.

"గెంతడం తప్పు కాదు సార్, గెంతి గెంతి నేర్చుకుంటాడు. గెంతలేదంటే ఇంక ఏం నేర్పను?" అన్నారు.

దింపడం బాగా కుదరకపోతే దిగొద్దు, మళ్ళీ పైకెళ్ళి ఇంకో చుట్టు తిరిగి రమ్మనేవారు. దానికి గో అరౌండ్ అని పేరు. సిగ్గుపడి దిగినవాడు ఆస్పత్రిలో దిగుతాడు అనేవారు. ఆ మాట నాకు బాగా పట్టింది. అప్పటినుంచి కిటకిటలాడే బందరు బస్సొస్తే ఎక్కను, గో అరౌండ్ అంటాను. మీ అమ్మకి వచ్చిన మొదటి సంబంధం నాడు ఈ మాట తెలిసుంటే బాగుండేది. ఇది రాయకు. రాసేశావా? సరే, ఉండనీ.

ఇక తప్పుల పుస్తకం. ఎర్ర అట్ట, పెద్ద పుస్తకం. స్కూల్లో ఎవరు ఏ తప్పు చేసినా వాళ్ళంతట వాళ్ళే వచ్చి అందులో రాయాలి. రాసినవాళ్ళకి తిట్లుండవు. రాయనివాళ్ళకి ఉంటాయి. పిల్లలే కాదు, వంటాయన రాశాడు, పెట్రోలు పోసే అతను రాశాడు. వాచ్‌మన్ అయితే మూడు రోజులు వరసగా ఒకే మాట రాశాడు: నిద్రపోయాను. నాలుగో రోజు సారు అతనికి కుర్చీ తీసేసి స్టూలు వేయించారు. అంతే, తిట్టలేదు. ఆయన రాసుకున్నవి అందరికంటే ఎక్కువుండేవట. ఈ రోజు విసుగులో ఒక పిల్లతో గట్టిగా మాట్లాడాను అని కూడా రాసుకునేవారట.

ఒక్క తప్పు మాత్రం ఆ పుస్తకంలోకి ఎక్కించలేదు. ఆయనకి బీపీ. ఉప్పు ముట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు, గుడివాడలో ఇంటావిడ డాక్టరుకంటే గట్టిగా చెప్పారు. శనివారం సాయంత్రం ఇంటికెళ్ళే ముందు నా తట్ట దగ్గర ఆగేవారు.

"అక్కగారూ, రొయ్యపొట్టు ఎలా ఉంది?"

"ఉప్పగా ఉంది."

"పావుకిలో కట్టండి. నాలుగు కవర్లు వెయ్యండి."

"అయిదు వేసినా బస్సులో వాసనొస్తది సారూ."

"వస్తే రానీ. నా చుట్టూ సీట్లు ఖాళీగా ఉంటాయి."

ప్రపంచంలో అందరి ప్రాణాలకీ కాపలా కాసే మనిషి, తన ప్రాణం మాత్రం నాలుగు కవర్లలో చుట్టి పట్టుకెళ్ళేవారు.

ఇప్పుడు అసలు సంగతి. నెమ్మదిగా రాయి.

ఆ ఏడు సముద్రం పొంగి సరుగుడు తోట అవతల ఇసకంతా బురదైపోయింది. చేపలు ఎండబెట్టుకోవడానికి జానెడు నేల లేదు. పచ్చి చేప ఆగదు కదా. వెళ్ళి సారు ముందు నిలబడ్డాను. సముద్రం వైపు రన్‌వే చివర, పక్కగా, విమానాలు తిరగని పాత సిమెంటు నేల ముక్క ఒకటుంది. అది అడిగాను. ఆ ముక్క వైపు తిరిగి చూశారు. మా ఇంటి ముందు కుళ్ళుతున్న చేపల వాసన ఆయన కుర్చీ దాకా వస్తోంది.

"ఒక్క వారం అక్కాయ్. పైన వల కప్పి, అంచులకి రాళ్ళు పెట్టాలి. ఒక్క గద్ద వాలినా ఎత్తేస్తాను."

"అలాగే సారూ."

వారం మూడు వారాలైంది. నేను అడగలేదు, ఆయన ఎత్తమనలేదు. వల మాత్రం తియ్యలేదు. రెండు మడతల పాత వల. దాని కింద మంచు తడి తొందరగా ఆరదు. అయినా తియ్యలేదు, ఆ ఒక్క పొద్దున తప్ప.

ఆ పొద్దున మధ్యాహ్నానికల్లా సరుకు కావాలని బందరు షావుకారు కబురంపాడు. చేప ఇంకా మెత్తగా ఉంది. ఒక్క గంట ఎండ నేరుగా తగిలితే చాలనుకున్నాను. రాళ్ళు తీసి, వల తీసి, మడిచి పక్కన పెట్టి, గేటు దగ్గరికొచ్చి టీ తాగుతూ కూర్చున్నాను.

అదే పొద్దున ఆ స్కూల్లో ముదినేపల్లి పిల్ల ఒకతి మొదటిసారి ఒంటరిగా విమానం నడపబోతోందని నాకు తెలియదు. వాళ్ళ నాన్నకి చేపల చెరువులు. ఏడుపొచ్చినా నవ్వే పిల్ల. ఆ పిల్ల గెంతులకి సారు రెండో చెయ్యి వాడాల్సొచ్చేది. నెలంతా పక్కన కూర్చుని నేర్పారు. ఆ రోజు మధ్యలో విమానం ఆపించి, తలుపు తీసుకుని దిగిపోయి, "ఒక్క చుట్టు. నువ్వొక్కదానివే," అని చెప్పి, వచ్చి కుర్చీ దగ్గర నిలబడ్డారు. కూర్చోలేదు.

పిల్ల లేచింది. చుట్టు తిరిగింది. సముద్రం వైపునుంచి కిందికి వస్తోంది. అప్పుడు లేచాయి గద్దలు. ఇరవై ఉంటాయి. నా చేపల మీదనుంచి లేచి, సరిగ్గా ఆ విమానం వచ్చే దారిలో గుండ్రంగా తిరుగుతున్నాయి.

ఆయన రేడియోలో మాట్లాడటం నేను పరిగెత్తుకెళ్తూ విన్నాను. ఇంకో టీ చెప్పినట్టే చెప్పారు. "బాగా వస్తున్నావమ్మా. కానీ వద్దు, పైకెళ్ళు. నేల ఎక్కడికీ పోదు. ఇంకో చుట్టు తిరుగు."

విమానం పెద్దగా అరుచుకుంటూ గద్దల మీదుగా పైకి వెళ్ళిపోయింది. రెండో వైపునుంచి దింపమనొచ్చుగా అని ఇప్పుడు నువ్వు అడుగుతావు. అటువైపు కరెంటు స్తంభాలున్నాయి, అటునుంచి దిగడం ఆ పిల్లకి ఇంకా నేర్పలేదు.

విజిల్ ఊదారు. గొడుగు ఊపారు. గద్దలు ఒక చుట్టు తిరిగి మళ్ళీ వాలాయి. విస్తరి ముందు కూర్చున్న పెళ్ళివారిని విజిల్ ఊది లేపగలమా? వల కప్పుదామని నేను పట్టుకుంటే నా చెయ్యి కింద నుంచే లాక్కుపోతున్నాయి. ఆయన గొడుగుతో చేపల్ని చూపించారు, తర్వాత కంచె అవతల ఉప్పుకాలవని చూపించారు. అర్థమైంది. గద్ద తరిమితే పోదు, పిలిస్తే వస్తుంది.

గంప నిండా ఎత్తుకుని కాలవ గట్టుకి పరిగెత్తాను. గుప్పెళ్ళతో పైకి విసిరాను. మొదట రెండొచ్చాయి. పిల్ల రెండోసారి కిందికొచ్చింది. ఇంకా సగం గద్దలు అక్కడే ఉన్నాయి. "వద్దమ్మా, పైకెళ్ళు," అనే మాట మళ్ళీ వినిపించింది. ఇంకో గంప. ఇంకో గంప. పరిచిన సరుకంతా గాల్లోకి విసిరాను. ఆఖరికి ఇరవై గద్దలూ నా నెత్తి మీద తిరుగుతున్నాయి, కాకులు కూడా కలిశాయి. జుట్టు నిండా పొలుసులు. అటు మూడోసారి విమానం వచ్చింది. గెంతింది, గెంతింది, ఇంకోసారి గెంతి కూర్చుంది.

ఆయన కుర్చీ కోసం వెనక్కి చూసుకున్నారు. కుర్చీ దూరంగా ఉంది. రన్‌వే పక్కన నేల మీదే కూర్చుండిపోయారు. వేలు ఒక్కటి కూడా ఎత్తలేదు.

పిల్ల దిగి నడుచుకుంటూ వచ్చింది, నవ్వుతూనే. "మూడు సార్."

"నేను కళ్ళు మూసుకున్నానమ్మా. నువ్వు చెప్పావుగా, మూడే అయ్యుంటాయి."

మొదటిసారి ఒంటరిగా దిగినవాళ్ళ మీద బకెట్టు నీళ్ళు పోయడం ఆ స్కూల్లో ఆనవాయితీ. ఆ గందరగోళంలో చేతికి దొరికిన బకెట్టు నాది, ఉదయం చేపలు కడిగింది. ముదినేపల్లి చెరువుల పిల్ల కాబట్టి సరిపోయింది. ఇంకెవరైనా అయితే ఆ రోజే విమానాలు మానేసేవాళ్ళు.

తర్వాత టీ కొట్టు బల్ల మీద ఎర్ర పుస్తకం తెరిచారు. ముందు తనది రాసుకుంటూ పైకి చదివారు. "చేపలకి అనుమతి ఇచ్చింది నేను. వారమని చెప్పి మూడు వారాలు ఊరుకున్నది నేను. ఈ పొద్దున పిల్లని పంపే ముందు ఆ చివరకి వెళ్ళి చూడనిది నేను."

రాసి, నా వైపు చూశారు.

"వల ఏమైంది అక్కాయ్?"

ఇప్పుడు వినవే బుజ్జీ. నిజం చెబితే తిట్లుండవని నాకు తెలుసు. అయినా గేటు దగ్గర నా తట్ట తీయించేస్తారేమో, పోలీసుల్ని పిలుస్తారేమో అనిపించింది. చేపలన్నీ పోయాయి, ఇంక ఆ నీడ కూడా పోతే ఎలా అనిపించింది.

"గాలికి ఎగిరిపోయింది సారూ," అన్నాను.

ఆయన తలెత్తి కర్ర మీద కట్టిన గాలి సంచీని చూశారు. గాలి ఎటుందో తెలియడానికి కడతారు దాన్ని. ఉతికి ఆరేసిన లంగాలా నిలువుగా వేలాడుతోంది. పొద్దుటినుంచీ ఆకు కదల్లేదు. ఆయన గాలిని చదవడంలోనే బతికిన మనిషి, నేను ముప్పై ఏళ్ళు గాలిని చూసి చేపలు పరిచినదాన్ని. ఇద్దరం ఆ సంచీనే చూస్తూ కూర్చున్నాం.

పెన్ను దించారు. రెండు లైన్లు వదిలేసి, కింద సంతకం పెట్టారు.

"ఇక్కడ ఖాళీ ఉంచుతున్నానండీ. గుర్తొచ్చినప్పుడు చెప్పండి."

ఆ "అండీ" నాకు చెంపదెబ్బలా తగిలింది.

తర్వాత పైనుంచి తనిఖీకి మనుషులొచ్చారు. ఆ పుస్తకం చూశారు. వల ఎందుకు లేదని ఆయన్నే అడిగారు. మేనేజరు ఆయన్ని టీ కొట్టు వెనక్కి తీసుకొచ్చి మాట్లాడటం నేను తట్ట దగ్గర కూర్చుని విన్నాను.

"గాలికి పోయిందని రాసెయ్యండి సార్. ఆవిడే చెప్పిందిగా. మీ మీదకి రాదు."

"ఆ రోజు గాలి లేదు. లేనిది ఎలా రాస్తాను?"

"పోనీ ఆవిడ తీసిందని రాయండి."

"నేను చూళ్ళేదుగా. ఎవరిది వాళ్ళు చెప్పాలి. అందుకేగా ఆ పుస్తకం."

"ఆవిడ చెప్పకపోతే?"

"ఖాళీ ఉంది కదా. చెబుతుంది."

నేను పది అడుగుల దూరంలో ఉన్నాను. లేచి వెళ్ళి ఒక్క మాట చెబితే అయిపోయేది. తట్టలో చేపలు అటువి ఇటు, ఇటువి అటు సర్దుకుంటూ కూర్చున్నాను.

సేఫ్టీ పని ఆయన దగ్గర్నుంచి తీసేశారు. లాప్‌టాప్ పట్టుకున్న కుర్రాడెవరో వచ్చాడు. సారు కొన్నాళ్ళు పాఠాలు మాత్రం చెప్పి, తర్వాత మానేశారు. నా తట్టని ఎవరూ కదిలించలేదు. కదిలించొద్దని వెళ్ళే ముందు మేనేజరుకి చెప్పి వెళ్ళారని టీ కొట్టతను చెప్పాడు. ఆ మాట విన్న రోజు నేను అన్నం తినలేదు. ఇది రాయి.

అయినా నెలకోసారి గుడివాడ నుంచి బస్సెక్కి వచ్చేవారు. బందరులో పనుందనేవారు. ఏ పనీ ఉండేది కాదు. కుర్చీ వేసుకుని నా పక్కన కూర్చుని, పైన తిరిగే పిల్లలకి వేళ్ళు ఎత్తుతూ పోయేవారు. నేనూ ఎత్తేదాన్ని. ఎప్పుడైనా లెక్క తేడా వస్తే ఇద్దరం పోట్లాడుకునేవాళ్ళం. మళ్ళీ అక్కాయ్ అనే పిలిచేవారు. లేచి వెళ్ళేటప్పుడు మాత్రం ప్రతిసారీ అదే మాట.

"ఇంకేమైనా ఉందా అక్కాయ్?"

"రొయ్యపొట్టుంది. పావుకిలో కట్టనా?"

నవ్వేవారు. "కట్టు. నాలుగు కవర్లు."

నాలుగేళ్ళు అలాగే జరిగింది. నాలుగేళ్ళ రొయ్యపొట్టు.

మొన్న ముదినేపల్లి పిల్ల ఫోన్ చేసింది. ఇప్పుడు ఎక్కడో తనే పిల్లలకి దిగడం నేర్పుతోంది. "గద్దల సారు పోయారు మామ్మగారూ," అని చెప్పి, నవ్వలేదు. ఆ పిల్ల నవ్వకపోవడం నేను అప్పుడే వినడం.

పదకొండో రోజు నువ్వేగా నన్ను గుడివాడ తీసుకెళ్ళావు. చేతులూపుకుంటూ ఎలా వెళ్తామని పావుకిలో కట్టాను. గుమ్మంలో చెప్పులు విడిచానో లేదో, లోపలినుంచి ఆయన భార్య వచ్చారు.

"మీరేనా రొయ్యపొట్టు అక్కగారు?"

"మీకెలా తెలుసమ్మా?"

"నాలుగు కవర్లు వేస్తే నాకు వాసన రాదనుకునేవారు. శనివారం ఆయన బస్సు దిగితే వీధి చివరనుంచే తెలిసేది. ఆయన ఇంట్లో ఉన్నన్ని పూటలూ మిగతా కూరల్లో నేను ఉప్పు తగ్గించేసేదాన్ని. ఆయనకి ఆ సంగతి చివరిదాకా తెలియదు."

ఎలా పోయారని అడిగాను. మధ్యాహ్నం భోంచేసి, కుర్చీలో వెనక్కి వాలి, అలాగే వెళ్ళిపోయారట. చిన్న కుదుపు కూడా లేదట. చచ్చిపోయిన మనిషి గురించి అలా అనుకోకూడదు గానీ, నా చెయ్యి చూసుకున్నాను. ఎత్తడానికి ఒక్క వేలు లేదు.

వచ్చేటప్పుడు ఆవిడ ఎర్ర పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. స్కూలువాళ్ళు కొత్త కుర్రాడి లాప్‌టాప్ వచ్చాక దీన్ని పాత కాగితాల్లో పడేయబోతే, ఆయన అడిగి తెచ్చుకున్నారట. ఒక పేజీ దగ్గర రొయ్యపొట్టు కవరు ముక్క గుర్తుగా పెట్టుంది.

"ఈ ఖాళీ మీదని చెప్పారు. మీరు వస్తారని కూడా చెప్పారు. ఎప్పుడొస్తారని అడిగితే, ఆవిడ గో అరౌండ్‌లో ఉంది, ఇంకో చుట్టు తిరిగి దిగుతుంది అనేవారు."

అదీ సంగతి. నేను నేల మీదే ఉండి నాలుగేళ్ళు తిరిగాను.

ఇప్పుడు నీ కాగితాలు అవతల పెట్టు. ఆ పుస్తకం తియ్యి. ఆ పేజీ. ఆయన రాత కింద, సంతకం పైన. అక్షరాలు కుదురుగా రాయి, రెండు లైన్లే ఉన్నాయి.

వల నేనే తీశాను. ఆ రోజు గాలి లేదు.

రాశావా? చదువు. ఇంకోసారి చదువు.

ఊఁ. ఇంకు పెట్టె ఇటివ్వు. బొటనవేలు ఎక్కడ వెయ్యాలో చూపించు.